వేపమండ కట్టిన చేయి

కుమ్మరి లక్ష్ముడు గోతిలో పడి, కాలు విరిగి, ప్రాణంతో బయటపడ్డ దగ్గర కిందటి వారం ఆగాం.

ఆ గొయ్యి జగన్నాధం నాయుడి మెట్టలోది. పెదవలసకి దూరంగా, కొండ కింద, సంతరోజు తప్ప పగటిపూట కూడా మనిషి అలికిడి లేని ఎర్రమెట్ట అది. యుద్ధానికి ముందు ఎవరో కంట్రాక్టరు అక్కడ నల్లరాయి తవ్వించాడు. యుద్ధం వచ్చాక రాయి ఎగుమతికి ఓడలు దొరకడం లేదని కూలీలని పంపేసి, తట్టా పారా బండికెత్తుకుని పోయాడు. గొయ్యిని మాత్రం ఎత్తుకుపోలేదు. నాలుగు వానాకాలాలకి అది సగం నిండింది. అంచులు వదులయ్యాయి.

గోతి పక్కనుంచే పేట సంతకి అడ్డదారి. రోడ్డు మీద వెళితే కోసు దూరం ఎక్కువ. నెత్తిన బరువున్న మనిషికి కోసంటే మాటలు కాదు. అందుకని ఎవరెన్ని చెప్పినా జనం ఆ దారి వదల్లేదు.

దారికి అడ్డంగా జగన్నాధం రేగుకంప వేసి ఉంచేవాడు, జనం పక్కనుంచి దూరి పోయేవారు. కంపకి ఆ చుట్టుపక్కల ఒక మర్యాద ఉంది. ముళ్ళ కొస బాట మీదికి ఉంటే దారి మూసినట్టు. కంపని తిప్పి, మొదలు బాట వైపు పెడితే వెళ్ళమన్నట్టు. ఆ తిప్పడం భూమి గలవాళ్ళే, అంటే బుగతలే, తిప్పాలి. బయటివాడు కంప మీద చెయ్యి వేస్తే అది దొంగతనం కింద లెక్క. సాయానికి పరిగెత్తిన హడావిడిలో కంప ఎటు తిరిగి ఉందో ఎవరూ చూడలేదు. లక్ష్ముడు కుండల కావిడితో సంతకి పోతూ కంప లాగేసి ఉంటాడనీ, చేసిన తప్పుకి అమ్మవారు కాలు మాత్రమే తీసుకుని వదిలిందనీ ఊరంతా అనుకుంది.

జగన్నాధం కూతురు గౌరి కూడా అలాగే అనుకుంది. గౌరికి పదహారేళ్ళు. తల్లి లేదు, మామ్మ నారాయణమ్మ పెంచింది. లక్ష్ముడు పడ్డ శుక్రవారం పొద్దున్న, ఊరి చివర కొండ వైపున్న తమ వాకిట్లో కూర్చుని, తండ్రి అరచేతిలో విరిగిన ముల్లుని సూదితో తీస్తూండగా గౌరికే మొదట వాడి కేక వినిపించింది. సూది అక్కడే పారేసి పరిగెత్తింది. తాళ్ళు వేసి లక్ష్ముణ్ణి పైకి లాగినప్పుడు వాడి కాలు వాడిది కానట్టు వేలాడడం చూసింది. ఆ తర్వాత మూడు రోజులు అన్నం సయించలేదు.

మునసబు నరసింగరావు గారు గోతి చుట్టూ ఒకసారి తిరిగి, చేతికర్రతో అంచు పొడిచి చూసి, జగన్నాధంతో గట్టిగానే చెప్పారు.

"ఇది ఒకసారి అయింది. నీ అదృష్టం, వాడి అదృష్టం కలిసొచ్చాయి. వచ్చే సంతరోజుకి ఈ దారి మూసెయ్యి. ఇంకో మనిషి పడ్డాడా, వీడి సంగతీ వాడి సంగతీ కలిపి రాసి పైకి పంపుతాను. నువ్వు కోర్టు మెట్లెక్కుతావు. ఎక్కి దిగేసరికి ఈ మెట్ట ఉండదు."

మెట్ట పోతే ఆ ఇంటికి ఇంకేం లేదు. పల్లపు పొలం తాత నాడే పోయింది. చోళ్ళూ, నువ్వులూ, ఉలవలూ అన్నీ ఆ ఎర్రమట్టిలోవే.

శనివారం జగన్నాధం రెండు బళ్ళ రేగుకంప తెచ్చి అడ్డంగా వేశాడు. ఆదివారం సాయంత్రానికి ఒక్క కొమ్మ లేదు. దొంగతనమని తెలిసీ చీకట్లో ఎత్తుకుపోయారు, ఎవరెవరి పొయ్యిల్లోనో మండిపోయింది. సోమవారం గౌరి ఒక చెక్క మీద తారుతో రాసింది. "ఈ దారిన రాకూడదు. గొయ్యి ఉన్నది. పడినచో మా పూచీ లేదు." అక్షరాలు గుండ్రంగా కుదిరాయి. ఊళ్ళో వాటిని చదవగలిగిన వాళ్ళు నలుగురు, ఆ నలుగురూ ఆ దారిన వెళ్ళేవాళ్ళు కాదు. మంగళవారం ఆ చెక్క కూర్మమ్మ కోళ్ళగూటికి తలుపైంది. బుధవారం జగన్నాధం విజీనగరంలో ప్లీడరుని కలిసి వస్తానని బయల్దేరాడు.

కొడుకు ఊరు దాటగానే నారాయణమ్మ గౌరిని దగ్గరికి పిలిచింది.

"రేగుకంపైతే కాల్సుకుంటారు. సెక్కైతే తలుపేసుకుంటారు. వేపమండ ఎవుడు ముడతాడో సూస్తాను. ఇంట్లో అమ్మోరు పోస్తే గుమ్మానికి ఏటి కడతాం? అది సూసి గుమ్మం తొక్కే మగాడున్నాడా ఈ ఊర్లో? గురువారం తెల్లారకుండా ఎల్లి దారికి రెండు కొసలా కట్టొచ్చేయ్. అమ్మోరికి సంబంధించిన పని, తలకి పోసుకుని మరీ ఎల్లు."

గౌరి కట్టింది. పసుపు పూసిన తాడు, తాడుకి పది మండలు, అటు పది, ఇటు పది.

ఆ గురువారమంతా దారిలో ఒక్క అడుగు పడలేదు. ముసలమ్మ సాయంత్రం దాకా నవ్వుతూనే ఉంది. "ఇజీనారం ప్లీడరు బుర్రకి తట్టిందేటి ఇది?" అని రెండుసార్లు అడిగింది, ఎవరూ జవాబు చెప్పకపోయినా.

ఇక శుక్రవారం, మళ్ళీ సంతరోజు.

గౌరి దూడకి గడ్డి వేస్తూంటే కొండ వైపు నుంచి డప్పు వినిపించింది. ఒక డప్పు కాదు, రెండు. పెళ్ళి డప్పు కాదు, చావు డప్పు కాదు. గడ్డి అక్కడే వదిలి మెట్టకి నడిచింది. నడుస్తూ నడుస్తూ పరుగెత్తింది.

దారికి తను కట్టిన తాడు అలాగే ఉంది. దానికి పది మండలు ఉండాలి. ఇప్పుడు తాడే కనిపించడం లేదు. వందకి తక్కువ కాకుండా వేలాడుతున్నాయి. కింద కుంకం, పగిలిన కొబ్బరికాయలు. తాడు కిందనుంచి వంగి వెళ్ళిన కాళ్ళ గుర్తులు లోపలికి వరసగా ఉన్నాయి. అన్నీ గోతి వైపే.

అక్కడ జనం. యాభై మంది ఆడవాళ్ళుంటారు, ఇంకా వస్తున్నారు. నెత్తి మీద ముర్రాటలు, అంటే పసుపు నీళ్ళ కుండలు. చంకలో చంటిపిల్లలు. ఒకావిడ చేతిలో తలకిందులుగా కోడి. కిందటి సంత దాకా తొందరలో గోతికి దూరదూరంగా నడిచేవాళ్ళు, ఇవాళ తీరిగ్గా అంచున వరసకట్టి, వంగి లోపలికి పసుపు నీళ్ళు ఒంపుతున్నారు.

"ఓలమ్మ, బుగత గారి గౌరమ్మొచ్చింది! దారియ్యండే!"

ఆ అరిచింది తవిటమ్మ, లక్ష్ముడి పెళ్ళాం. మొగుడు మంచాన పడ్డ మనిషిలా లేదు. మొహం నిండా పసుపు రాసుకుని వెలిగిపోతోంది.

"ఏటిదంతా?" అంది గౌరి.

"ఏటేటమ్మా! అమ్మ వెలిసింది. మీ మెట్టలో వెలిసింది, మీకే తెలీదేటి?"

"ఎవరు సెప్పేరు?"

"ఒకరు సెప్పాలేటి? మండలు కట్టున్నాయి కదా! ఊర్లో ఏ ఇంట్లోనైనా అమ్మోరు పోసిందా? నేదు. మరి ఇల్లు నేని సోట మండలు కట్టున్నాయంటే ఏటి? ఇదే ఆయమ్మ ఇల్లు."

మామ్మ అన్నీ ఆలోచించింది గానీ ఈ ఒక్కటి ఆలోచించలేదు. ఇంటి గుమ్మానికి మండ ఉంటే లోపలికి రావద్దని. ఇల్లే లేని చోట మండ ఉంటే రమ్మని. ఆ తేడా పెదవలసలో పాలు తాగే పిల్లకి కూడా తెలుసు. తను కట్టేటప్పుడు తనకెందుకు తట్టలేదో గౌరికి అర్థం కాలేదు.

"మా ఇంటాయన అంతెత్తు నుంచి పడితే ఒక్క కాలే ఇరిగింది," అంటోంది తవిటమ్మ. "కావిట్లో ఇరవై కుండలు. పందొమ్మిది పగిలినాయి. ఆ ఒక్కటీ సూడు!"

గౌరి చూసింది. చాలా లోతున, నల్లటి నీళ్ళ మీద, ఒక కుండ మూతి పైకి పెట్టి మెల్లగా తిరుగుతోంది.

"ఎనిమిది దినాలైంది. మునగదు, పగలదు. ఆ మట్టి తొక్కింది నాను. అంతంత కాలం తేలే కుండ నా సేతిలో నుంచి రాదమ్మా. ఆయమ్మే మోస్తన్నాది."

కొంత మట్టి గోతి అంచునుంచి జారి నీళ్ళలో పడింది. డప్పు హోరులో ఎవరూ వినలేదు. గౌరి విన్నది. ఆడవాళ్ళ కాళ్ళ మధ్య నుంచి చూస్తే, అంచుకి రెండు మూరల ఇవతల నేల మీద చిటికెనవేలు పట్టేంత పగులు. పసుపు నీళ్ళు ఆ పగులులోకి ఇంకిపోతున్నాయి.

ఇంకో మనిషి పడితే, అన్నారు మునసబు గారు. ఇక్కడ ఒక మనిషి కాదు.

అందరి ముందూ నోరు విప్పడం గౌరికి చేతకాని పని. పెళ్ళిళ్ళలో పేరు అడిగితేనే మామ్మ వెనక్కి పోయేది. ఇప్పుడు కళ్ళు గట్టిగా మూసుకుని, ఉన్న గొంతంతా పెట్టి అరిచింది.

"అమ్మా లేదు, ఏటీ లేదు! ఆ మండలు కట్టింది నేనే!"

డప్పు ఆగింది.

గౌరి కళ్ళు తెరిచింది. తిడతారనుకుంది. అమ్మవారి మండతో ఆటలాడతావా అని చెంప పగలగొడతారనుకుంది. దెబ్బకి సిద్ధంగా మెడ కొంచెం వంచింది కూడా.

గుంపులోంచి కూర్మమ్మ ముందుకొచ్చింది. ఊళ్ళో అమ్మవారి పనులన్నిటికీ ముందుండే ముసలామె. గౌరి బోర్డు ఉన్నది ఈవిడ కోళ్ళగూటికే.

"నువ్వు కట్టినావా?"

"ఊఁ."

"ఎప్పుడు?"

"నిన్న. తెల్లారకుండా."

"తలకి పోసుకునే కట్టినావా?"

"ఊఁ."

"పరగడుపునే?"

గౌరి ఆలోచించింది. పొద్దున్నే ఎవరు తింటారు? "ఊఁ."

కూర్మమ్మ గుంపు వైపు తిరిగింది. "ఇన్నారటే? తలకి పోసుకుని, పరగడుపున, కోడి కూయకుండా, పెళ్ళి కాని గుంట ఒక్కర్తీ ఇంత దూరం నడిసొచ్చి కట్టింది. ఇంకేటి కావాలే మీకు?"

ఆడవాళ్ళంతా ఒక్కసారి చేతులు జోడించారు.

"అది కాదు కూర్మత్తా! మా మామ్మ కట్టమంటే కట్టేను!"

"మీ మామ్మకి ఎవులు సెప్పేరు?"

"ఎవరూ సెప్పలేదు. తనకే తోచింది."

"తోపించిందెవులు?"

ఇక జవాబు చెప్పినా లాభం లేదని గౌరికి తెలిసింది. ఏం చెప్పినా అది తిరిగి తిరిగి ఆ నీళ్ళ మీద కుండలాగ అక్కడికే వస్తోంది. తవిటమ్మ వంగి ముర్రాటలో నీళ్ళు గౌరి పాదాల మీద పోసింది. చల్లగా తగిలాయి. ఇంకొకావిడ పసుపు పూసింది. గౌరి కాళ్ళు వెనక్కి లాక్కుంటే, అదీ అమ్మవారి లక్షణమేనని ఎవరో అన్నారు.

"సూడమ్మా, గోరువెచ్చగా ఉన్నాయి పాదాలు!"

"ఎండలో పరుగెత్తుకొచ్చింది మరి, సల్లగుంటాయేటే?" అని ఒక గొంతు నవ్వింది. నవ్విన మనిషిని పక్కనున్నవాళ్ళు గిల్లారు.

నిజం చెప్పాను కదా అనుకుంది గౌరి. బళ్ళో మేష్టారు నిజం చెబితే ఎవరైనా నమ్ముతారని చెప్పేవారు. చెప్పాక నమ్మకపోతే ఏం చెయ్యాలో ఆయన చెప్పలేదు.

మళ్ళీ మట్టి జారింది. ఈసారి పెద్ద గడ్డ. పగులు చిటికెనవేలు కాదు, బొటనవేలు పడుతుంది. ముర్రాట ఒంపడానికి మళ్ళీ వెళ్ళిన తవిటమ్మ దాని అవతల, అంచు మీద నిలబడి ఉంది. వెనక పది మంది, ఆ పది మందిలో నలుగురి చంకలో పిల్లలు.

"ఎనక్కి జరగండి! అంచు ఇరుగుతన్నాది!"

ఎవరూ కదల్లేదు. అమ్మ ఉండగా అంచెందుకు విరుగుతుంది?

అప్పుడు గౌరి నోట్లోంచి ఇంకో మాట వచ్చింది. అది తను అన్నదో, భయం అన్నదో తర్వాత ఎంత ఆలోచించినా ఆమెకి తేలలేదు.

"అమ్మ ఎనక్కి జరగమంటన్నాది! ఇరవై అడుగులు! ఎవరూ తన నెత్తి మీద నిలబడొద్దంటన్నాది!"

అంతే. యాభై మందీ చెప్పులు లేని కాళ్ళతో, మాట లేకుండా, గోతికి మొహం పెట్టి వెనక్కి వెనక్కి నడిచారు. కూర్మమ్మ నోటితో లెక్కపెట్టింది. పన్నెండు దాకా వచ్చిందో లేదో, తవిటమ్మ నిలబడ్డ మేర నేల, రెండు మూరల వెడల్పు, ఒక మంచం పొడవు, చప్పుడు లేకుండా వంగి కిందకి పోయింది. చప్పుడు తర్వాత నీళ్ళలోంచి వచ్చింది.

తవిటమ్మ నేల మీద సాగిలపడింది. గోతి వైపు కాదు, గౌరి వైపు.

గౌరికి ఏడుపొచ్చింది. వాళ్ళు బతికారని సంతోషించాలో, అబద్ధం చెప్పి బతికించానని భయపడాలో తెలియలేదు. నిజం చెప్పినప్పుడు నమ్మలేదు. అబద్ధం చెబితే ప్రాణాలు నిలబడ్డాయి. ఇందులో పాపం ఎక్కడుందో, ఎంతుందో ఎవర్ని అడగాలి?

"ఏమిటీ గోల?"

మునసబు నరసింగరావు గారు తాడు కిందనుంచి వంగి వస్తున్నారు. ఆయన వెనక జగన్నాధం. భుజాన తువ్వాలు, కాళ్ళ నిండా రోడ్డు దుమ్ము. విజీనగరం నుంచి వచ్చి, ఇంటికి వెళ్ళకుండా డప్పు విని ఇటే వచ్చినట్టున్నాడు. వాళ్ళ వెనక దూరంగా, కర్ర పోటేసుకుంటూ, రొప్పుతూ నారాయణమ్మ.

"జగన్నాధం! సంతరోజుకి దారి ముయ్యమన్నాను. ముయ్యడమంటే ఇదా? తీర్థం పెట్టించావే!"

"నాను ఊర్లో లేను బాబూ. ఇప్పుడే దిగేను."

"ప్లీడరేమన్నాడు?"

జగన్నాధం తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. దారి పొడుగునా వల్లించుకుంటూ వచ్చిన పాఠం అప్పజెప్పేవాడిలా నిలబడ్డాడు.

"మూడు రకాలన్నాడు బాబూ. వద్దన్నా దూరొచ్చినోడు పడితే అది చాలామట్టుకు ఆడి కర్మ. మనం రమ్మంటే వొచ్చినోడు పడితే ఇరిగిన ప్రతి ఎముకా మనదే. వొస్తన్నారని తెలిసి సూస్తా ఊరుకుంటే, అది అటూ కాదు, ఇటూ కాదు, జడ్జి గారి దయ అన్నాడు."

"నువ్వు ఏ రకం?"

"అదే నానూ అడిగేను. కంప ఉండగా దూరొచ్చేడు కాబట్టి మొదటి రకమన్నాడు. కంప ఉన్నట్టు గట్టిగా సెప్పుకోమన్నాడు." అని జనం వైపు, మండల వైపు, కూతురి పసుపు కాళ్ళ వైపు చూశాడు. "ఇప్పుడు ఈల్లంతా ఏ రకమో నాకు తెలీదు."

"తెలియకపోవడమేమిటి? మండ కట్టి పిలిచారు, వచ్చారు. రెండో రకం!"

ఈలోగా నారాయణమ్మ వచ్చి చేరింది. ఊపిరి తీసుకోకుండానే అందుకుంది.

"పిలిసింది మేం కాదు మునసబు బాబూ, అమ్మ పిలిసింది. అందరూ అంటన్నారు కదా. పడితే ఆయమ్మే సూసుకుంటాది. అమ్మోరి మీద కేసెట్టే మగాడెవుడో నానూ సూస్తాను."

"బాగుంది నారాయణమ్మా. గొయ్యి అమ్మవారిదే. అయితే అమ్మవారు గోతిలోనే ఉంటుందా? గుడి కావాలి, గుడికి దారి కావాలి, దారికి చుట్టూ స్థలం కావాలి. మెట్టంతా అమ్మవారి పేర రాసెయ్యమంటావా?"

ముసలమ్మ నోరు తెరిచి, మూసి, మళ్ళీ తెరిచింది. "మెట్ట మాది. గొయ్యొక్కటే ఆయమ్మది."

డప్పులవాళ్ళు కూడా నవ్వారు. జగన్నాధం నవ్వలేదు. గౌరి తండ్రినే చూస్తోంది. ఇంత గోలలో ఆయన ఒక్కసారి కూడా గోతి వైపు చూడలేదు.

అంతలో ఊరి వైపు నుంచి నలుగురు మగవాళ్ళు మంచం మోసుకొచ్చారు. మంచం మీద లక్ష్ముడు. కాలికి వెదురు బద్దలు కట్టి ఉన్నాయి. మొక్కు తీర్చాలని తవిటమ్మే రప్పించింది. వారం జ్వరంతో మనిషి సగమయ్యాడు. మంచం నేలకి దించగానే మునసబు గారు సంచిలోంచి కాగితాలు తీశారు.

"మంచిదైంది. ఒంట్లో బాగులేదని నీ వాంగ్మూలం ఇన్నాళ్ళూ తీసుకోలేదు. మండల సంగతి తర్వాత. ముందు నువ్వు చెప్పు లక్ష్ముడూ. కంప లాగేసి వచ్చావా?"

"నేదు బాబూ."

"మరి దూకొచ్చావా? కావిడితో?"

"నేదు బాబూ. నాను కంప ముట్టనే నేదు." లక్ష్ముడి గొంతు సన్నగా ఉంది గానీ తడబాటు లేదు. "కొస సేనేపు, మొదలు బాటేపు ఉన్నాది. సక్కగా తిప్పెట్టున్నాది. ఎల్లమన్నట్టే కదా అని ఎల్లేను. కుమ్మరోన్ని గానీ దొంగని కాను."

యాభై మంది ఆడవాళ్ళకీ ఆ మాట బరువు తెలుసు. కంప మొదలు తిప్పే హక్కు భూమి గల ఇంటికే. ఆ ఇల్లు దారి తెరిచి, రమ్మని, గోతిలో పడేసినట్టు. ప్లీడరు చెప్పిన రెండో రకం. విరిగిన ప్రతి ఎముకా.

"ఎవరు తిప్పారు? చూశావా?"

లక్ష్ముడు జవాబు చెప్పే ముందు తాడుకి ఊగుతున్న వేపమండల్ని చాలాసేపు చూశాడు.

"తెలీదు బాబూ."

నరసింగరావు గారి కలం ఆగింది. "జగన్నాధం. మీ ఇంట్లో కంప ముట్టేది ఎవరెవరు?"

మామ్మ కాదు, అనుకుంది గౌరి. మామ్మ చెంబెత్తితేనే చెయ్యి వణుకుతుంది. తను కాదు. తను ఆ వేళప్పుడు వాకిట్లో ఉంది. వాకిట్లో కూర్చుని ఏం చేస్తోంది? ముల్లు తీస్తోంది. ఎవరి చేతిలో? నాన్న చేతిలో. ఎప్పుడు? కేక వినిపించక ముందు.

లక్ష్ముడు ఇంకా పడక ముందే నాన్న అరచేతిలో రేగుముల్లు విరిగి ఉంది.

వారం రోజులు ఆ సంగతి ఆమె కళ్ళ ముందే ఉంది. బండి కట్టేటప్పుడు గుచ్చుకుందన్నాడు. ఆ పొద్దున్న బండి కట్టనే లేదు. పాకలో కాడి నేల మీద అలాగే ఉంది. ఆమె దాని మీదుగా దాటి మరీ పరిగెత్తింది.

గౌరి తండ్రి వైపు చూసింది. ఆయన మునసబు గారిని చూడడం లేదు, లక్ష్ముణ్ణి చూడడం లేదు. కుడిచెయ్యి గట్టిగా పిడికిలి బిగించి ఉంది. ఆ పిడికిలి నొప్పికి బిగించినది కాదు. నాన్న కంప ఎందుకు తిప్పుతాడు? సంతరోజు పొద్దున్నే, తనే మూసిన దారి, తనే ఎందుకు తెరుస్తాడు? లక్ష్ముడికీ నాన్నకీ పగ లేదు. ఒక కుండ బేరం కూడా లేదు. ఆమె ఎంత ఆలోచించినా కొసా మొదలూ కలవలేదు.

"అడుగుతున్నది నిన్నే, జగన్నాధం."

జగన్నాధం తువ్వాలు ఒక భుజం మీంచి ఇంకో భుజం మీదికి మార్చుకున్నాడు.

"నేనే తిప్పేను," అంది గౌరి.

ఆ మాట ఎంత తేలిగ్గా వచ్చిందో ఆమెకే ఆశ్చర్యం వేసింది. "దూడ అటు పోయింది. తోలుకొద్దామని కంప తిప్పేను. మళ్ళీ మూయడం మర్చిపోయేను."

గుంపులో గుసగుస లేచింది. ఇందాక ఆమె పాదాలకి పసుపు రాసిన చేతులే బుగ్గన పెట్టుకున్నారు.

"అయ్యో, తెలీని గుంట!"

"దూడెనక పోయినప్పుడు ఇయన్నీ గుర్తుంటాయేటే!"

మండలు కట్టింది నేనే అని నిజం చెబితే ఒక్కరు నమ్మలేదు. ఇప్పుడు ఒక్కరు కూడా తలకి పోసుకున్నావా అని అడగలేదు. తోపించిందెవులు అని కూర్మమ్మ కూడా అనలేదు.

నారాయణమ్మ మాత్రం మనవరాలి మొహంలోకి, తర్వాత కొడుకు మొహంలోకి చూసింది. కర్ర మీద రెండు చేతులూ వేసి మెల్లగా నేల మీద కూర్చుండిపోయింది.

మునసబు గారు రాశారు. రాసింది చదివి వినిపించారు. కాగితం గౌరి ముందు పెట్టి, "వేలిముద్రా, సంతకమా?" అన్నారు.

"సంతకం."

తారుతో బోర్డు మీద రాసినంత గుండ్రంగా రాలేదు అక్షరాలు. సంతకం చేస్తున్నంతసేపూ ఆమె ఒక్క మాట కోసం చెవులు రిక్కించి ఉంది. వొద్దమ్మా, అది నువ్వు కాదు అని వెనకనుంచి వినపడుతుందని. కలం పాళీ గీరుకోవడం తప్ప ఏమీ వినపడలేదు. తల ఎత్తి చూస్తే నాన్న అక్కడే ఉన్నాడు. పిడికిలి అలాగే ఉంది.

మొక్కు ముగించి మగవాళ్ళు మంచం లేపారు. గౌరి పక్కనుంచి పోతూంటే లక్ష్ముడు చెయ్యి చాచి ఆమె ఓణీ కొస పట్టుకున్నాడు. జ్వరం వేడికి ఆ చెయ్యి కాలుతోంది.

"ఎందుకమ్మా అబద్దం?" అన్నాడు, ఆమెకి తప్ప ఎవరికీ వినపడనంత మెల్లగా. "కంప తిప్పినోల్ని నాను సూసేను."

గౌరి మంచం కోడు పట్టుకుని పక్కనే నడిచింది. "మా నాన్నేనా?"

లక్ష్ముడు తల ఊపాడు. అవునన్నాడో, కాదన్నాడో తెలియలేదు.

"ఒకరు కాదమ్మా," అన్నాడు. "ఇద్దరు."